‘వెళ్ళను, ఏం చేస్తారు?’ అన్న పిల్లవాడితో

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మెగా డీఎస్సీ 2025లో ఎంపికై ఒక మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ స్కూల్ అసిస్టెంటుగా చేరాను. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. తొమ్మిదో తరగతి ‘బి’ సెక్షన్‌లో 46 మంది పిల్లలు. మొన్న పాఠం చదవమని ఒక అబ్బాయిని లేపితే, చదవకుండా పక్కవాడితో ఏదో అని నవ్వించాడు. బయట నిలబడమన్నాను. “వెళ్ళను, ఏం చేస్తారు?” అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. “కొడితే 1098కి ఫోన్ చేస్తా” అని కూడా అన్నాడు. ఏడుపు ఆపుకుని వెళ్ళి హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన పీఈటీ సారుని పంపితే, వాణ్ణి కాలర్ పట్టుకుని బయటికి లాక్కెళ్ళి నాలుగు తగిలించారు. మర్నాటి నుంచి ఎనిమిది మంది మగపిల్లలు హాజరు పిలిస్తే పలకడం లేదు. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, నోరు మూసుకుని ‘ఊఁ’ అని మోత. ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు. పలకనివాళ్ళకి ఆబ్సెంట్ వేసెయ్, పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బులు పోతాయని తల్లులే పరిగెత్తుకొస్తారని ఒక సీనియర్ సలహా. టీసీ ఇచ్చి పంపేద్దామని ఇంకొకరు. ఆ అబ్బాయి నాన్నని పిలిపిస్తే “కళ్ళు రెండూ ఉంచి మిగతా చర్మం ఒలిచెయ్యండి మేడమ్” అనేసి వెళ్ళిపోయాడు. కొట్టకూడదన్న చట్టం వచ్చాకే పిల్లలు ఇలా తయారయ్యారని స్టాఫ్‌రూమ్‌లో అందరి మాటా అదే. నేను బెత్తం పట్టుకోవాలా? టీసీ ఇవ్వొచ్చా? అసలు ఈ ఉద్యోగానికి నేను పనికిరానా?
– పేరు వద్దు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది మీరు ఒక్క ముక్కలో దాటేసిన మాట. ‘పాఠం చదవమని లేపితే’ అన్నారు. గొడవ మొదలైంది అక్కడ. వాడు ఊరికే కూర్చుని అల్లరి చేస్తే మీరు మందలించలేదు. 46 మంది ముందు లేచి నిలబడి పైకి చదవమన్నారు, అప్పుడు వాడు పక్కవాణ్ణి నవ్వించాడు.

తొమ్మిదో తరగతి దాకా వచ్చి, తెలుగు పేజీ కూడా కూడబలుక్కుంటే తప్ప చదవలేని పిల్లలు మన హైస్కూళ్ళలో కొత్త కాదు. మీ చేతిలో ఉన్నది బైలింగ్వల్ పుస్తకం. ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు. చదవమన్నప్పుడు వాడి కళ్ళు ఏ పేజీ మీద ఉన్నాయో గమనించారా? పద్నాలుగేళ్ళ మగపిల్లాడికి, ఆడపిల్లలు కూడా వింటుండగా ‘ప..ర్ల..మెం..టు’ అని తడుముకోవడం కంటే రౌడీ అనిపించుకోవడం వెయ్యి రెట్లు నయం. బయట నిలబడమంటే వాడికి నిజానికి ఊరటే. అయినా వెళ్ళలేదంటే అప్పటికే క్లాసు నవ్వేసింది, వాడు హీరో అయిపోయాడు, ఇక దిగిరావడం కుదరదు.

వాడికి చదవడం రాదని నేను ఇక్కడ కూర్చుని తేల్చడం లేదు. మీరే చూడాలి. ఎలాగంటే, ఆరో తరగతి వాచకం చేతికిచ్చి ‘చదువు చూద్దాం’ అనకండి, అది మళ్ళీ అవమానమే. ఇంటర్వెల్లో, చుట్టూ ఎవరూ లేనప్పుడు, పేపర్లో ఆటల పేజీ ఇచ్చి “ఈ మ్యాచ్ సంగతి ఏంట్రా, నాకు క్రికెట్ అర్థం కాదు, చదివి చెప్పు” అనండి. రెండు వాక్యాల్లో మీకు తెలిసిపోతుంది. చదవలేకపోతే మీ ముందున్నది క్రమశిక్షణ సమస్య కాదు. తెలుగు టీచరుతో మాట్లాడి రోజూ కాసేపు వాడితో చదివించే ఏర్పాటు చెయ్యాల్సిన సమస్య. అంతవరకూ క్లాసులో హఠాత్తుగా లేపి చదవమనడం మానెయ్యండి. ఒక్క వాడికే మానేస్తే అదీ కనిపెట్టేస్తారు, అందుకని అందరికీ మానెయ్యండి. రేపు ఎవరు ఏ పేరా చదవాలో ఈరోజే చెప్పండి. ఇంటి దగ్గర నాలుగుసార్లు చదువుకొచ్చినవాడు మర్నాడు ధైర్యంగా లేస్తాడు.

ఒకవేళ గడగడా చదివాడనుకోండి, అప్పుడు వేరే ఏదో ఉంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో మీ ఎనిమిది మందిలో ఎంతమంది రాత్రిళ్ళు క్యాటరింగ్ వడ్డనకి వెళ్తున్నారో అడిగారా? అర్ధరాత్రి దాకా విస్తళ్ళ ముందు వంగి వడ్డించి, పొద్దున్నే ప్రేయర్‌కి వచ్చి నిలబడ్డ కుర్రాడికి మూడో పీరియడ్‌లో ఎవరేమన్నా విసుగే. వాడు అప్పటికే సంపాదిస్తున్నాడు కూడా. ఇంట్లో డబ్బు ఇచ్చే మగవాణ్ణి బడిలో చిన్నపిల్లాణ్ణి చేసి మాట్లాడితే సహించడు. ఇదంతా వాడికి సాకు కాదు. కానీ మందు వెయ్యాలంటే జబ్బు తెలియాలి కదా.

ఇక ఆ క్షణం సంగతి. “వెళ్ళను, ఏం చేస్తారు?” అన్నప్పుడు మీరు ఏమనాలి? “సరే, క్లాసయ్యాక మనిద్దరం మాట్లాడదాం” అని, అదే గొంతుతో, ఆపిన వాక్యం దగ్గరి నుంచి పాఠం కొనసాగించాలి. అంతే. ఇది మీకు ఓటమిలా అనిపిస్తుందని తెలుసు. అందరి ముందూ ‘వెళ్ళను’ అన్న పిల్లాడు లేచి వెళ్ళలేడు, అందరి ముందూ ‘వెళ్ళు’ అన్న టీచరుకి వెనక్కి తగ్గడం కుదరదు. ఇద్దరూ ఇరుక్కున్నారు. ఇద్దరిలో పెద్దవాళ్ళు మీరు, తలుపు తీయాల్సింది మీరే. పైగా ఆ పోటీకి ప్రేక్షకులు 45 మంది. వాళ్ళకి మీరు గెలిచినా వినోదమే, వాడు గెలిచినా వినోదమే. సామాను సర్దేస్తే ఆట ఆగిపోతుంది.

కానీ ‘తర్వాత మాట్లాడదాం’ అని తర్వాత మాట్లాడకపోతే మాత్రం ఆ రోజుతో మీ మాటకి విలువ పోతుంది. ఆ రోజే మాట్లాడాలి. స్టాఫ్‌రూమ్‌లో వద్దు, అది ఇంకో ప్రేక్షకవర్గం. నలుగురు సార్లు టీ తాగుతూ తలా ఒక మాట విసురుతారు. కుళాయి దగ్గరో వరండా చివరో నిలబడి, ముందు “ఏమైంది?” అని అడగండి. వాడు చెప్పేది మధ్యలో తుంచకండి. మూడు నిమిషాలు చాలు. ఆ తర్వాత శిక్ష ఉండాలి, చిన్నదిగా, ముందే అందరికీ తెలిసినదిగా, చేసిన తప్పుకి అతుక్కుని ఉండేదిగా. పది నిమిషాల పాఠం పాడు చేశావు, ఆ పది నిమిషాలు ఇంటర్వెల్లో నాతో కూర్చుని ఆ పేరా పూర్తి చెయ్యి. చాలు. వందసార్లు రాయించే ఇంపోజిషన్లు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. రాయడాన్నే శిక్షగా చేసి, పరీక్షలో ఎందుకు రాయడం లేదని మళ్ళీ మనమే అడుగుతాం.

అల్లరివాణ్ణే క్లాస్ లీడర్ని చేసెయ్యండి, దారికొస్తాడు అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెయ్యకండి. ఈ సలహా మన బళ్ళలో చాలా పాతది, వినడానికి తెలివిగా ఉంటుంది. కానీ ఏడాదంతా నోరెత్తకుండా చదువుకున్న ఆడపిల్ల ముందు బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉంటుంది, అరిస్తే పదవి వస్తుందని నేర్చుకుంటుంది.

పీఈటీ సారు చెయ్యి చేసుకోవడం గురించి. మీరు కొట్టమనలేదు, నిజమే. కానీ క్లాసు దృష్టిలో మీరు వెళ్ళి చెప్పారు, ఆయన వచ్చి కొట్టారు. వాళ్ళకి మధ్యలో హెడ్మాస్టరు గారి గది కనిపించదు. హాజరుకి పలకని ఎనిమిది మందిని మీరు ఎదురుతిరిగినవాళ్ళుగా చూస్తున్నారు. నాకైతే వాళ్ళు చేస్తున్నది ఆ దెబ్బలకి నిరసన అనిపిస్తోంది. బెంచీ విరగ్గొట్టలేదు, మీమీద కేకలు వెయ్యలేదు, బడి ఎగ్గొట్టలేదు. వచ్చి కూర్చుంటున్నారు, పలకడం లేదంతే.

మీరు సోషల్ టీచరు కాబట్టి ఒక కేసు గుర్తుచేస్తాను. 1985 జూలైలో కేరళలో ఒక హైస్కూలు ముగ్గురు తోబుట్టువుల్ని బడి నుంచి తీసేసింది. వాళ్ళు యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. జాతీయగీతం వచ్చినప్పుడు అందరితోపాటు లేచి మర్యాదగా నిలబడేవాళ్ళు, కానీ తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్ళు కాదు. వాళ్ళ ప్రవర్తనలో ఏ వంకా లేదని విచారణలో తేలింది. అయినా పై అధికారి చెప్పాడని హెడ్మిస్ట్రెస్ బయటికి పంపేశారు. కేరళ హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమని తీర్పు ఇచ్చింది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు. ఆ తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతోంది, మన తత్వం సహనాన్ని బోధిస్తోంది, మన రాజ్యాంగం సహనాన్ని పాటిస్తోంది, దాన్ని పలచన చెయ్యొద్దు అనే అర్థం వచ్చేలా తీర్పు ముగించారు. పాడకపోవడం వేరు, పాడేవాళ్ళని చెడగొట్టడం వేరు అన్న తేడా ఆ తీర్పుకి ఆయువుపట్టు.

మీ క్లాసులో ఆ తేడా అలాగే పనికొస్తుంది. హాజరుకి పలకకపోవడం ఎవరికీ అడ్డు కాదు, మీరు కళ్ళెత్తి చూస్తే వాడు ఉన్నాడో లేడో తెలుస్తుంది. ‘ఊఁ’ మోత అలా కాదు, చదువుకుందామని వచ్చినవాళ్ళ పీరియడ్ తినేస్తోంది. మొదటిదాన్ని వినాలి, రెండోదాన్ని ఆపాలి. మీరు రెండింటినీ ఒకే మూట కట్టేసరికి దేనికీ దారి దొరకడం లేదు.

వినడం అంటే, రేపు క్లాసులో నిలబడి, పాఠం మొదలెట్టే ముందు చెప్పండి: “ఆ రోజు చెయ్యి చేసుకోవడం తప్పు. నా క్లాసు విషయంలో ఇక అలా జరగదు. పాఠం చదవకుండా నవ్వించడం కూడా తప్పు, దాని సంగతి వాడూ నేనూ మాట్లాడుకుంటాం.” మూడు వాక్యాలు. బతిమాలొద్దు, ఉపన్యాసం వద్దు. అయితే పిల్లలకి చెప్పే ముందు హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్ళి, “సార్, పిల్లలతో మాట్లాడతాను. ఇకమీదట నా క్లాసు గొడవకి పీఈటీ సారుని పంపకండి, అవసరమైతే మీరే రండి” అని మర్యాదగా చెప్పండి. కొత్తగా చేరినవాళ్ళు అలా అంటే కొందరికి గిట్టదు. కానీ కొట్టిన విషయం బయటికొస్తే ఇరుక్కునేది ఆయన కూడా, ఆ సంగతి ఆయనకి మీకంటే బాగా తెలుసు.

పలకనివాళ్ళకి ఆబ్సెంట్ వెయ్యమన్న సీనియర్ మాట మాత్రం అస్సలు వినకండి. ఎదురుగా కూర్చున్న పిల్లాడికి రానట్టు వెయ్యడం అంటే హాజరులో అబద్ధం రాయడం. తల్లికి వందనానికి 75 శాతం హాజరు లెక్క ఉంది కాబట్టి, వాడి మీద కోపాన్ని కూలికి వెళ్ళే వాళ్ళమ్మ మీద తీర్చుకోవడం అవుతుంది. రేపు ఆ తల్లి వచ్చి “మా వాడు వచ్చాడు కదమ్మా” అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

మోత గురించి. ఎవరని అడగడం ఇవాళే ఆపెయ్యండి. చెప్పినవాడికి సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర ఏం జరుగుతుందో క్లాసులో అందరికీ తెలుసు, అందుకే చెప్పరు. మీ వీపు కనిపిస్తేనే ఆ శబ్దం వస్తోంది కాబట్టి వీపు చూపించకండి. బోర్డు మీద రాసే పని చక్కటి దస్తూరీ ఉన్న పిల్లకో పిల్లాడికో ఇవ్వండి, రోజుకొకరికి. మీరు చివరి బెంచీ పక్కన నిలబడి పాఠం చెప్పండి. పక్కన మనిషి నిలబడి ఉంటే నోరు మూసుకుని కూడా శబ్దం చెయ్యడం కష్టం. కోపంగా వాళ్ళ వైపు చూడక్కర్లేదు, ఊరికే అక్కడ ఉండండి. కొన్ని రోజుల్లో వాళ్ళకే విసుగొస్తుంది.

ఇప్పుడు బెత్తం. స్టాఫ్‌రూమ్ మాట ఒకటుంది కదా, చట్టం వచ్చాకే పిల్లలు చెడ్డారని. ఆ చట్టం వయసు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 ఫిబ్రవరిలోనే 16వ నంబరు జీవోతో విద్యా నియమావళిలోని 122వ నియమాన్ని సవరించి బళ్ళలో దెబ్బల్ని నిషేధించారు. ఆ తర్వాత 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది. అందులో శారీరక శిక్షే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమే. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళ వరకే, తొమ్మిదో తరగతి వాడికి వర్తించదని స్టాఫ్‌రూమ్‌లో లా పాయింటు తీసేవాళ్ళుంటారు. 2002 జీవోలో ఆ వయసు గీత లేదు, బళ్ళన్నిటికీ వర్తిస్తుంది. నిన్నగాక మొన్న డీఎస్సీ రాసిన మీతోపాటు, మీకు బెత్తం పట్టమని చెప్తున్నవాళ్ళలో చాలామంది కూడా ఈ నిషేధం వచ్చాకే ఉద్యోగంలో చేరి ఉంటారు.

దీనికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొకటి. పాతకాలం బళ్ళలో గోడకుర్చీలు, తొడపాశాలు, పేకబెత్తాలు ఉండేవి. వీధిబడుల రోజుల్లో అయితే పిల్లాణ్ణి తాడుకి వేలాడదీసే కోదండం కూడా. అప్పుడు పిల్లలు వినయంగా ఉండేవాళ్ళు అంటారు. ఉన్నవాళ్ళు ఉండేవాళ్ళు. తిరగబడ్డవాడు, దెబ్బలకి భయపడ్డవాడు, చదువు అందనివాడు ఏడో తరగతి రాకముందే బడి మానేసి గేదెల వెంట వెళ్ళిపోయేవాడు. తొమ్మిదో తరగతిలో మిగిలింది ఎలాగూ వినేవాళ్ళే. ఇప్పుడు ఆ మానేసే పిల్లాడు కూడా మీ క్లాసులో కూర్చుని ఉన్నాడు. మీ ఉద్యోగం మీ సీనియర్ల గురువుల ఉద్యోగం కన్నా కష్టమైంది, అందులో సందేహం లేదు. కానీ ఆ పిల్లాడు బడిలో ఉండటం మంచిదే కదా, మనమంతా అదే కోరుకున్నాం.

అందుకే టీసీ మాట నాకు నచ్చదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ పిల్లాణ్ణీ బడి నుంచి తీసెయ్యకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెప్తోంది. 2019లో ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చెయ్యడానికి వీలిచ్చారు గానీ, బయటికి పంపడానికి ఇవ్వలేదు. మీ వాడు తొమ్మిది కాబట్టి ఆ సెక్షన్ కిందికి రాడు. చట్టం అడ్డు రాదు కాబట్టి పంపేద్దామా? ‘వెళ్ళను’ అన్నవాడు వెళ్ళనని అన్నది బడిలోంచి కూడా అనుకోండి. బలవంతంగా టీసీ చేతిలో పెడితే పక్క మండలం హైస్కూల్లో చేరతాడని కాదు, ఏ మెకానిక్ షెడ్డులోనో తేలతాడు.

వాళ్ళ నాన్న ‘చర్మం ఒలిచెయ్యండి’ అన్నదాన్ని అనుమతి పత్రంగా తీసుకోకండి. తండ్రి ఒప్పుకున్నంత మాత్రాన జీవో మారదు. ఆ మాట వెనక ఉన్నది నమ్మకమో కోపమో కూడా కాదు, చేతకానితనం. నాకు లొంగడం లేదు, మీరైనా చూడండి అని. వాడిమీద ఫిర్యాదు చెప్పడానికి పిలిస్తే ఏ తండ్రీ ఇంతకన్నా ఏమీ అనలేడు. ఈసారి తల్లిని పిలవండి, వాడు ఏదైనా ఒక్క పని సరిగ్గా చేసిన రోజున. “ఇవాళ పాఠం చదివాడమ్మా” అని చెప్పడానికి. ఆవిడ జీవితంలో బడి నుంచి అలాంటి కబురు వచ్చి ఉండదు.

1098 గురించి మీరు బాధపడ్డారు. పడకండి. అది పిల్లల హెల్ప్‌లైన్, వాడికి తెలిసి ఉండటం మంచిదే. మీరే ఆ నంబరు పెద్దక్షరాలతో రాయించి క్లాసు గోడకి అతికించండి. ఇంట్లో పెళ్ళి కుదిర్చేస్తున్న పదో తరగతి ఆడపిల్లకి అది ఎప్పుడైనా అక్కరకొస్తుంది. కొట్టని టీచరుకి ఆ నంబరు బెదిరింపు కాదు, గోడ మీద మీరే అతికించాక వాడు ఆ మాట ఇంకోసారి అనడు.

జుట్టు, చొక్కా గుండీలు, చేతికి కట్టుకున్న దారాలు లాంటివాటి జోలికి ప్రస్తుతం పోకండి. 2024లో ఖమ్మం జిల్లాలో ఒక టీచరు జుట్టు పెంచుకున్న పిల్లలకి తానే కత్తిరించి సస్పెండ్ అయ్యారు. పిల్లాడి ఒంటి మీద చెయ్యి పడే క్రమశిక్షణ ఏదైనా మీది కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది కొందరికి కష్టంగా ఉంటుంది. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఒక హెడ్మాస్టరు గారు, పిల్లలు చదవడం లేదని, కొట్టలేమని, ప్రేయర్‌లో పిల్లల ముందే తాను గుంజీళ్ళు తీశారు. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. విద్యామంత్రి నారా లోకేష్ కూడా మెచ్చుకున్నారు. ఆయన ఆవేదన నిజమైంది, దాన్ని నేను శంకించను. కానీ మీరు అలా చెయ్యొద్దు. మేష్టారు తమవల్ల కష్టపడుతున్నారని పిల్లల చేత ఏడిపించడం కూడా ఒక రకం దెబ్బే. ఒకసారి పనిచేస్తుంది. రెండోసారి మీ ఆఖరి బెంచీవాళ్ళు లెక్కపెడతారు.

మీ సబ్జెక్టే మీకు ఒక సాయం చేస్తుంది. స్వాతంత్ర్యోద్యమం పాఠం వచ్చినప్పుడు రాజమండ్రి చెప్పండి. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి వెళ్ళాక, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కాలేజీకి వచ్చిన విద్యార్థుల మీద ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ విరుచుకుపడ్డాడు. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుని బయటికి పంపేశారు. 1938లో ఉస్మానియాలో హాస్టల్లో వందేమాతరం పాడినందుకు వెళ్ళగొట్టిన విద్యార్థులకి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా నాగపూర్ వెళ్ళినవాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. మీ ఆఖరి బెంచీ అబ్బాయి గాడిచర్ల కాదని నాకూ తెలుసు! కానీ ‘ఏ మాట వినాలి, ఏది వినకూడదు, వినకపోతే ఎలా ప్రవర్తించాలి’ అన్న చర్చ ఆ పాఠంలోనే ఉంది. మన పుస్తకాల్లో బడి మాట వినని వీరుల గురించి మార్కులకి రాయించి, క్లాసులో ఒకడు ‘ఎందుకు?’ అంటే ఉలిక్కిపడతాం. గురుకులాల పిల్లలు అన్నంలో పురుగులొచ్చాయని రోడ్డెక్కితే దాన్ని కూడా క్రమశిక్షణారాహిత్యం అనేవాళ్ళున్నారు. ఆ గంట చర్చకి వదిలెయ్యండి. మీ ఎనిమిది మంది ఆ రోజు నోరు విప్పుతారని నా అనుమానం.

ఈ ఓర్పు అంతా మామూలు మొండితనానికే. ఎవడైనా మీమీదికి వచ్చినా, ఆడపిల్లల ఒంటి మీద చెయ్యి వేసినా, మీ గురించి అసభ్యంగా మాట్లాడినా, దొంగచాటుగా మీ వీడియో తీసినా, జేబులో గంజాయో కత్తో ఉందని తెలిసినా, అప్పుడు కుళాయి దగ్గర మూడు నిమిషాల మాట సరిపోదు. అదే రోజు హెడ్మాస్టరు గారికి రాతపూర్వకంగా ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి, తల్లిదండ్రుల్ని ఆయన చేతే పిలిపించండి, ఒంటరిగా తేల్చుకోవాలని చూడకండి. 2024 డిసెంబరులో రాయచోటిలో తొమ్మిదో తరగతి పిల్లలతో జరిగిన గొడవ తర్వాత ఒక ఉపాధ్యాయుడు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అలాంటివి అరుదు, కానీ అరుదని ఏమరపాటుగా ఉండలేం.

పనికిరానా అని అడిగారు. 46 మందిలో ఎనిమిది మంది పలకడం లేదన్నారు, అంటే మిగతా 38 మంది పలుకుతున్నారు. మీ ఉత్తరం పొడుగునా ఆ 38 మందిలో ఒక్కరి గురించి కూడా ఒక్క ముక్క లేదు. ఆ గొడవైనప్పటి నుంచీ మీ పాఠం వాళ్ళ కోసం జరగడం లేదు, ఆ ఎనిమిది మంది కోసం జరుగుతోంది. అది మార్చండి. చేరిన మొదటి ఏడాదే పెద్ద సెక్షన్‌ని చేతిలో పెట్టి, గొడవైతే పీఈటీని పంపే బడిలో ఎవరికైనా ఏడుపొస్తుంది, దానికీ పనికిరాకపోవడానికీ సంబంధం లేదు. బదిలీ ఆలోచన కూడా ఇప్పుడొద్దు, అక్కడా తొమ్మిదో తరగతి ఉంటుంది.

ఒక చిన్న నోటుబుక్కు మాత్రం పెట్టుకోండి. గొడవ జరిగిన రోజు తేదీ, ఏ పీరియడ్, ఏం జరిగింది, మీరేం చేశారు, ఎవరికి చెప్పారు, రెండు మూడు లైన్లు. పీఈటీ సారు కొట్టిన రోజు సంగతి కూడా జరిగింది జరిగినట్టు ఇవాళే రాసి పెట్టండి. ప్రొబేషన్ డిక్లేర్ చేసే టైముకి ఎవరైనా క్లాసు అదుపులో లేదని నోరు జారితే, మీ దగ్గర కాగితం ఉంటుంది.